ముట్టుకోకూడని పాదు

పొద్దున ఆరింటికి సుగుణకుమారి రెండు క్యారియర్లు కట్టేది. మూడు గిన్నెలది జోజయ్యకి. పారమట్టాలో ఆసుపత్రి వార్డుల్లో మంచాలు తోసే పని ఆయనది. మధ్యాహ్నం కడుపు నిండా అన్నం పడకపోతే సాయంత్రానికి మనిషి వడలిపోయి వచ్చేవాడు. రెండు గిన్నెలది ప్రిస్సిల్లాకి. నవంబరులో జోజయ్య పోయాక మూడు గిన్నెలది పై అరలోకి వెళ్ళిపోయింది. ఫిబ్రవరి వచ్చేసరికి రెండోది కూడా కట్టినా కట్టకపోయినా ఒకటే అయింది. సాయంత్రం మూత తీస్తే పొద్దున పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది.

"తినలేదేమే?"

"హెలెనా ఆంటీ వాళ్ళింట్లో తిన్నా పెద్దమ్మా. ఇడ్లీ పెట్టింది. లంచ్‌కి బాక్స్ కూడా ఇచ్చింది. వద్దంటే వినదు."

సుగుణకుమారి ఆ అన్నాన్ని ఇంకో గిన్నెలోకి తోడేది. రాత్రికి తనే తినేది. తింటూ, ఈ పూట ఆ పిల్ల నోట ఆంటీ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకునేది.

ప్రిస్సిల్లా జోజయ్య తమ్ముడి కూతురు. రెండేళ్ళ కిందట రేపల్లె నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చింది. అంతకు ముందు, ఈ దేశం వచ్చినప్పటినుంచీ, క్వేకర్స్ హిల్‌లోని ఆ ఇంట్లో పదిహేడేళ్ళు ఇద్దరే మనుషులు. పిల్లలు కలగలేదు. ఉన్న ఇద్దరూ మాటలు తక్కువ మనుషులే. సుగుణకుమారి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు కొట్లో సరుకులు తెచ్చుకునేంత వచ్చు. కారు నేర్చుకోమని జోజయ్య పోరితే, "మీరున్నారుగా" అని తప్పించుకునేది. ఆ పిల్ల వచ్చాకే ఇంట్లో చప్పుడు మొదలైంది. స్నానాల గదిలో పాటలు, సోఫా మీద తడి తువ్వాళ్ళు, ఫ్రిజ్ తలుపు తీసిపెట్టి నిలబడటం. పైకి విసుక్కునేదే గానీ, పొద్దున లేచాక సుగుణకుమారి మొదట చెవి పెట్టి వినేది ఆ గది వైపే.

ప్రిస్సిల్లా ఏం చదువుతోందని చర్చిలో ఎవరన్నా అడిగితే, "కాయల మీద మందు" అని చెప్పేది. అది తప్పేం కాదు. యూనివర్సిటీవాళ్ళ పొలంలో అలసంద వేసి, పురుగుకి మందు కొట్టి, కొట్టిన రెండు గంటలకి కొన్ని కాయలు, మర్నాడు కొన్ని, మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు, అలా పదిహేనో రోజుదాకా కోస్తుంది. కోసినవి కడగకూడదు. సంచుల్లో పెట్టి గడ్డకట్టించి, వాటి మీద మందు ఎంత మిగిలిందో మెషీన్‌లో చూస్తుంది. సీసాల మీద "కొట్టాక ఇన్ని రోజులు కొయ్యొద్దు" అని రాసేది ఇలాంటి వాళ్ళు చూసి చెప్పిన లెక్కలనుబట్టేనట.

అయితే మందు పడ్డ కాయలతో పోల్చి చూడటానికి మందు పడని కాయలు కావాలి. వాటిని కంట్రోల్ అంటారు. పోయిన ఏడాది కంట్రోల్ కోసం అదే పొలంలో ఓ మూల మడి వదిలింది. పక్క రైతు తన చేలో మందు కొట్టిన రోజున గాలి ఇటు తిరిగింది. ఆ మడి కాయల్లో కూడా మందు కనిపించింది. ఆ పంట లెక్కలన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. ఆ వారమంతా పిల్ల తిండి సరిగా తినలేదు. జోజయ్యే పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టాడు.

ఈసారి కంట్రోల్ కాయలు పొలానికి దూరంగా, ఎవరి పెరట్లోంచైనా తీసుకోవాలనుకుంది. జనవరిలో ఒక శనివారం పెరట్లోకి వచ్చి, జోజయ్య వేసిన అలసంద పాదు ముందు నిలబడింది. అక్టోబరులో గింజ పెట్టాడాయన. పందిరి ఎక్కేదాకా కూడా లేడు.

"పెద్దమ్మా, దీని మీద పెదనాన్న ఏమన్నా కొట్టాడా?"

ఇప్పుడు తలచుకుంటే సుగుణకుమారికి నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. లేదని ఒక్క ముక్క అనేస్తే పోయేది.

"మొలకప్పుడు పేనుబంక పట్టింది. ఒక్కసారి కొట్టారు."

"ఎప్పుడు?"

"అక్టోబరు నెలాఖరు. ఆరు ఆకుల మొక్క. అప్పటికి పువ్వే లేదు."

ప్రిస్సిల్లా ఒక కాయ పట్టుకుని చూసి వదిలేసింది. "ఇప్పుడు ఏమీ మిగిలుండదు పెద్దమ్మా. కానీ నేను 'ఎప్పుడూ కొట్టలేదు' అని రాయాలి. పోయినేడు దెబ్బ తిన్నాక ఇంక రిస్క్ తీసుకోలేను."

మర్నాడు చర్చిలో పూజ అయ్యాక గుడి బయట ప్రిస్సిల్లాకి హెలెనా దొరికింది. హెలెనా నర్సుగా చేసి రిటైరైన మనిషి. కారు నడుపుతుంది, ఎవరితోనైనా ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడుతుంది. ఆమె ఇల్లు మూడు వీధుల అవతలే. "నా పెరట్లో అలసంద ఆరేళ్ళుగా మందు మొహం చూడలేదమ్మా. పేను పడితే వేళ్ళతో నలిపేస్తా. నీకెన్ని కాయలు కావాలో కోసుకుపో" అంది. అంతే. ఆ రోజునుంచి ఆ పిల్ల కాయలు ఎంత ఎదిగాయో చూడటానికని పొద్దున్నే అక్కడికి వెళ్ళడం, అక్కడే టిఫిను, అక్కణ్ణుంచి హెలెనా కారులో స్టేషనుకి.

కాయలే అయితే సుగుణకుమారి సర్దుకునేది. కానీ హెలెనా ఊరుకుంటే కదా. గుడిలో పదిమందిలో, "మా కంట్రోల్ కాయలు బాగా దిగుతున్నాయి" అనేది. మా అట. ఒకరోజు ప్రిస్సిల్లా కొత్త జడ వేసుకుని వచ్చింది. వెనక సన్నగా మొదలై చెవుల మీదుగా వచ్చే జడ.

"ఎవరేశారు?"

"ఆంటీ. బావుందా?"

"బానే ఉంది" అంది సుగుణకుమారి. ఆ రోజు పిల్లకిష్టమని రొయ్యల వేపుడు చేసింది. పొయ్యి దగ్గర గంటన్నర నిలబడింది. పిల్ల రెండు ముద్దలు తిని, "ఆంటీ కూడా ఇలాగే చేస్తుంది, కొంచెం కొబ్బరి వేస్తుంది" అంది. పిల్ల లోపలికి వెళ్ళాక సుగుణకుమారి మిగిలిన వేపుణ్ణి చెత్తబుట్టలో వేసింది. వేశాక, ఆయన కష్టార్జితం మీద నడిచిన ఇంట్లో తను ఎప్పుడూ తిండి పారేయలేదని గుర్తొచ్చి చాలాసేపు బుట్ట దగ్గరే నిలబడింది.

నెలకో ఇంట్లో జపమాల చెప్పుకోవడం ఆ వీధుల్లోని తెలుగు కుటుంబాలకి అలవాటు. ఆ నెల వంతు హెలెనాది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి. సుగుణకుమారి పులిహోర చేసింది. గిన్నె సంచిలో పెట్టబోతూ, గూట్లోంచి జోజయ్య వాడిన మందు సీసా తీసి అడుగున పెట్టింది. అది నొక్కితే తుంపరగా చిమ్మే సీసా. ఎందుకు తెచ్చిందో, ఏం చేద్దామనుకుందో తనకే తెలియనట్టు గబగబా దాని మీద తువ్వాలు కప్పి, తువ్వాలు మీద గిన్నె పెట్టింది.

హెలెనా ఇంట్లో హాలు నిండా జనం. జపమాలలో ఐదు మహిమ దేవరహస్యాలూ వరసగా చెబుతున్నారు. రెండోది అయ్యాక సుగుణకుమారి చేతి సంచితో లేచింది. బాత్రూముకనుకుని ఎవరూ తల తిప్పలేదు. వంటింటి తలుపులోంచి పెరట్లోకి వెళ్ళింది.

పాదు ఎత్తుగా, దట్టంగా ఉంది. కాయలు జతలు జతలుగా వేలాడుతున్నాయి. ఆకులు తిరగేసి చూసింది. ఒక్క పేనైనా కనపడి ఉంటే, పేను కోసమే మందు కొట్టానని తనకి తాను చెప్పుకునేదేమో. ఒక్కటి కూడా లేదు. ప్రతి ఆకూ తుడిచిపెట్టినట్టుంది. ఆ శుభ్రం చూసేసరికి ఒళ్ళు మండింది. నాలుగుసార్లు నొక్కిందో, ఐదుసార్లు నొక్కిందో. తుంపర కాయల మీద సన్నగా మెరిసింది. లోపల అందరూ కలిసి మరియమ్మ మంగళవార్త జపం చెబుతున్న గొంతులు కిటికీలోంచి వినపడుతున్నాయి. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, వచ్చి తన చోట కూర్చుని, మిగతావాళ్ళతో గొంతు కలిపింది.

హెలెనా కాయల్లో మందుందని మెషీన్ చెబుతుంది. ఆరేళ్ళుగా మందు మొహం చూడలేదన్న మనిషి మొహం అప్పుడు చూడాలి. సుగుణకుమారి అంతవరకే ఆలోచించింది.

మంగళవారం పొలంలో మందు కొట్టారు. ఆ పొద్దునా, బుధవారం పొద్దునా ప్రిస్సిల్లా హెలెనా పాదులో కాయలు కోసి యూనిలో ఫ్రీజర్‌లో పెట్టింది. బుధవారం సాయంత్రం ఈ దేశపు ఫిబ్రవరి ఎండకి మొహం కమిలిపోయి ఇంటికొచ్చి, వంటింట్లో స్టూలు మీద కూలబడింది. సుగుణకుమారి దోసె వేసి పెట్టి, పెనం వైపే చూస్తూ అడిగింది.

"కాయ మీద పడ్డ మందు ఎన్నాళ్ళుంటుందే?"

ప్రిస్సిల్లా తలెత్తింది. "ఏంటి పెద్దమ్మా, రెండేళ్ళకి నా సబ్జెక్ట్ మీద పడ్డావు?"

"అడక్కూడదా?"

"అడుగు, అడుగు." పిల్లకి హుషారొచ్చింది. దోసెని మధ్యకి చించింది. "ఇది మందనుకో. నేను కొట్టేది సుమారు మూడు రోజులకి సగమవుతుంది. ఇంకో మూడు రోజులకి ఈ సగంలో సగం. ఇంకో మూడు రోజులకి అందులో సగం."

"అలా అయితే ఎప్పటికీ అయిపోదుగా."

"మా మెషీన్‌కి కనపడనంత అవుతుంది. దాన్నే మేం లేదు అంటాం."

"ఎంతుంటే కనపడుతుంది?"

"పది టన్నుల కాయల మీద రెండు చుక్కలు పడ్డా పట్టేస్తుంది."

సుగుణకుమారి చేతిలో గరిటె ఆగింది. "వానొస్తే పోదా?"

"కొట్టిన వెంటనే వస్తే చాలావరకు కొట్టుకుపోతుంది. ఆరిపోయాక రావడం కష్టం. ఆకు మీదా కాయ మీదా మైనంలాంటి పొర ఉంటుంది కదా, అందులోకి దిగిపోతుంది. ఆ తర్వాత ఎండ దాన్ని ముక్కలు చేస్తుంది, వేడికి కొంత ఆవిరవుతుంది, మొక్క కూడా కొంత అరిగించుకుంటుంది. ఇంకోటి చెప్పనా? కాయ పెరుగుతుంది చూడు, మందు అంతే ఉన్నా పెద్ద కాయలో పలచబడుతుంది. అందుకే తగ్గిందంతా పోయిందని అనుకోకూడదు."

గంటసేపు చెప్పింది. ఫోను ముట్టుకోలేదు. నాలుగో దోసె కూడా తింది. ఇన్ని వారాలుగా సుగుణకుమారి ఏ గంట కోసం రొయ్యలు వేపిందో, గోంగూర వండిందో, ఆ గంట ఇదే. కానీ పిల్ల చెబుతున్న ప్రతి మాటా వెనక్కి తిరిగి ఆదివారానికే పోతోంది. ఆదివారం నుంచి బుధవారానికి మూడు రోజులు. సగం ఇంకా ఉంది.

"ఈసారి కూడా కంట్రోల్‌లో మందు కనపడితే?"

"కనపడితే బ్యాగ్ సర్దుకోవడమే. జూన్‌తో నా టైమ్ అయిపోతుంది. ఇంకో పంట వెయ్యడానికి సీజన్ లేదు. రెండేళ్ళు చదివి డిగ్రీ లేకుండా రేపల్లె."

"అది హెలెనక్క తప్పవుతుంది గానీ నీదెందుకవుతుంది?"

"ఎవరి తప్పని మెషీన్ అడగదు పెద్దమ్మా. థీసిస్ నాది."

గురువారమంతా సుగుణకుమారి ఆకాశం చూస్తూ గడిపింది. ఒక్క మబ్బు లేదు. ఉన్నా ఉపయోగం లేదని పిల్లే చెప్పింది. చెప్పకుండా ఊరుకుంటే పిల్ల పోతుంది. చెబితే కూడా పోతుంది, అదీ నేరుగా హెలెనా ఇంటికి. రేపల్లె వెళ్ళిపోవడం కంటే మూడు వీధుల అవతలికి వెళ్ళడమే తనకి ఎక్కువ కష్టంగా తోచింది. అలా తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ప్రిస్సిల్లా వచ్చి, మర్నాటి మూడో రోజు కోతకి సంచుల మీద పేర్లు రాస్తూ బల్ల దగ్గర కూర్చుంది. సుగుణకుమారి గూట్లోంచి సీసా తెచ్చి సంచులకి దూరంగా బల్ల చివర పెట్టింది.

"పెదనాన్న సీసా కదా. ఇక్కడెందుకు పెట్టావ్?"

"ఆదివారం హెలెనక్క పాదు మీద కొట్టాను."

"పేను పట్టిందా?"

"లేదు."

"ఆంటీ కొట్టమందా?"

"లేదు."

ప్రిస్సిల్లా పెన్ను మూత పెట్టింది. "మరెందుకు?"

సుగుణకుమారి రెండు రోజులుగా చాలా మాటలు కూర్చుకుంది. అవేవీ రాలేదు. "నువ్వు రోజూ అక్కడే తింటున్నావు" అంది.

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. అరుస్తుందనుకుంది సుగుణకుమారి. అరవలేదు. గ్లవ్స్ తొడుక్కుని సీసా తిప్పి, వెనకనున్న చిన్న అక్షరాలు చదివింది.

"నేను పొలంలో కొట్టేదీ ఈ జాతిదే, మెషీన్ పట్టేస్తుంది" అంది నెమ్మదిగా.

గ్లవ్స్ తీసి చెత్తలో వేసి, అక్కడే నిలబడి హెలెనాకి ఫోన్ చేసింది. "ఆంటీ, రేపు మీ పాదులో కాయలు కొయ్యం. దాని మీద స్ప్రే పడింది... లేదు, మీరు కాదు... మా పెద్దమ్మ." తర్వాత ప్రొఫెసర్‌కి ఏదో పెద్ద ఉత్తరం టైపు చేసింది. ఆ తర్వాత రెండు జతల బట్టలు బ్యాగులో పెట్టుకుంది.

"తినేసి వెళ్ళవే."

"ఆకలిగా లేదు పెద్దమ్మా."

హెలెనా కారు గుమ్మం ముందు ఆగి, హారను కొట్టకుండానే పిల్లని ఎక్కించుకుని వెళ్ళింది. శుక్రవారం పొద్దున సుగుణకుమారి క్యారియరు కడిగి తుడిచి, అన్నం పెట్టబోయి, ఎవరికని ఆగిపోయింది.

ఆ సాయంత్రం అదే కారు మళ్ళీ వచ్చింది. ప్రిస్సిల్లా ముందు దిగింది. ఇంట్లోకి రాలేదు. పక్క దారిన పెరటి వైపు వచ్చి, మెట్ల దగ్గర ఆగింది.

"ప్రొఫెసర్ జవాబిచ్చింది. ఆంటీ పాదు ఇంక పనికిరాదు. పెదనాన్న పాదు మీద కొట్టింది మొలకప్పుడు ఒక్కసారే, పువ్వుకి ముందే, నూరు రోజులు దాటింది. దాచకుండా అలాగే రాసి, కాయలు కోసి ముందు మెషీన్‌లో చూడమంది. ఏమీ కనపడకపోతే వీటినే కంట్రోల్ పెట్టుకోవచ్చంది." పాదు వైపు చూసి, "ఇది జనవరిలోనే అడగాల్సింది. భయపడి అడగలేదు" అంది.

సుగుణకుమారి చెంగు నడుముకి దోపుకుంది. ఆయన పాదు. "ఆగు, బుట్ట తెస్తా. లేతవి ఎక్కడున్నాయో నాకు తెలుసు" అంటూ మెట్టు దిగబోయింది.

"నువ్వొద్దు."

"ఏం?"

"నువ్వు సీసా పట్టుకున్నావు. ఆ చీరలు, ఆ సంచి, ఆ గూడు, అన్నీ ఈ ఇంట్లోవే. నేనూ కొయ్యకూడదు. పొద్దుట్నుంచి మందు కొట్టిన మళ్ళలో తిరిగొచ్చా. మందు ముట్టిన చెయ్యి కంట్రోల్‌ని ముట్టకూడదు పెద్దమ్మా. అదే రూలు."

"మరెవరు కోస్తారు?"

ప్రిస్సిల్లా పక్కకి జరిగింది. వెనక హెలెనా కొత్త గ్లవ్స్ తొడుక్కుంటూ వస్తోంది.

ఆమె సుగుణకుమారి ముందు ఆగింది. తిట్టలేదు. "నా పాదు మీద పేను లేదని అంత బాధైతే చెప్పొచ్చుగా సుగుణా. ఓ నాలుగు తెచ్చి వదిలేదాన్ని" అంది.

"తప్పైపోయింది అక్కా."

"అయింది" అంది హెలెనా. అని పాదు దగ్గరికి వెళ్ళింది.

సుగుణకుమారి పై మెట్టు మీద నిలబడి చూసింది. కాయ కోసేటప్పుడు జోజయ్య ఎడమ చేత్తో తొడిమ పైన తీగని పట్టుకుని, కుడి చేతి గోటితో గిల్లేవాడు. తీగ కదిలేది కాదు. హెలెనా ఒంటిచేత్తో లాగుతోంది. లాగినప్పుడల్లా పందిరి మొత్తం ఊగుతోంది. తీగ ఎదిగేకొద్దీ కట్టడానికని ఆయన పాత లుంగీ చించి పీలికలు చేసి పెట్టి వెళ్ళాడు. వాటితోనే ఈ మూడు నెలలూ సాయంత్రం సాయంత్రం సుగుణకుమారి ఒక్కో తీగనీ కట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు పరాయి చేతులు ఆ ముడుల మధ్య దూరుతున్నాయి. పైనున్న కాయల కోసం హెలెనా గట్టిగా గుంజేసరికి ఒక ముడి ఊడింది. నిండా కాయలున్న తీగ జారి గడ్డి మీద పడింది. హెలెనా చూసుకోలేదు.

సుగుణకుమారి కాలు ముందుకి పడింది.

"పెద్దమ్మా" అంది ప్రిస్సిల్లా, గొంతు పెంచకుండా.

కాలు వెనక్కి వచ్చింది.

కోత అయ్యాక కాయల్ని సంచిలో పోసి, మూతి బిగించి, చల్లని పెట్టెలో పెట్టారు. హెలెనా కారు దగ్గరికి నడిచింది. ప్రిస్సిల్లా వెనక ఉండిపోయింది.

"సోమవారం మెషీన్‌లో పెడతా. ఆదివారం ఆంటీ వచ్చి మళ్ళీ కోస్తుంది. అప్పటిదాకా ఏం చెయ్యకు. నీళ్ళు మొదలు దగ్గరే పొయ్యి, ఆకు మీద పడనివ్వకు. మొక్కని మాత్రం ముట్టుకోవద్దు."

"అలాగే."

"నిజంగా ముట్టుకోకు."

"అలాగేనన్నానుగా. ఆదివారం అన్నానికి ఉంటావా?"

ప్రిస్సిల్లా కారు వైపు చూసింది. "చూద్దాం" అంది.

వాళ్ళు వెళ్ళాక ఇంకా గంట వెలుతురుంది. సుగుణకుమారి పైపు తెచ్చి, మొదలు చుట్టూ మెల్లిగా నీళ్ళు పెట్టింది. పడిపోయిన తీగ గడ్డిలో వంకరగా ఉంది. దాని మీది కాయలు నేలకి ఆనుతున్నాయి. అప్పుడే ఒకదాని మీద చీమలు ఎక్కుతున్నాయి. రెండు రాత్రులు అలా వదిలేస్తే నత్తలు తినేస్తాయి. లోపలికి వెళ్ళి లుంగీ పీలిక ఒకటి తెచ్చింది. తీగ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. లేపి, ఒక్క చుట్టు చుట్టి, ముడి వెయ్యడం. నిమిషం పని. హెలెనా చేత్తో ఊడిందాన్ని తన చేత్తో కట్టడం.

పీలికని వేళ్ళకి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది. లేచి నిలబడి, చీరకంటిన గడ్డి దులుపుకుని, తీగ పడిన చోటే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.